ఆరు అంకెల రాయబారం

ప్రెస్సు నుంచి,
జూన్ 3

బావమరిదికి ఆశీస్సులు.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ కాగితం వెనకవైపు ఉన్న పెళ్లికి నువ్వు బయలుదేరకు. అది నెల తప్పుపడ్డ శుభలేఖ. మా కంపోజింగు ఆయన కునికిపాట్ల ఫలితం. రెండు కట్టలు మిగిలిపోయాయి. మంచి కాగితం కదా, పారేయడానికి చెయ్యి రాలేదు. ఇకనుంచి నా ఉత్తరాలన్నీ ఈ పెళ్లివారి వెనకే వస్తాయి.

ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటావు. ముప్పై ఏళ్లు అచ్చుయంత్రాల పక్కన నిలబడ్డాక నా చెవులు అలంకారానికే మిగిలాయి. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఫోనుకి పెదాలు ఉండవు. పైగా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది మీ అక్కది. నీ ఊసెత్తితే చాలు, అయిదు నెలలుగా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అందుకే మిషన్లు ఆగిన భోజనాల వేళ నా బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం నుంచి మా టీవీ మూగబోయింది. నాకెలాగూ ఎప్పుడూ మూగదే, ఇప్పుడు మీ అక్కకి కూడా అయింది. 'మీ చెల్లింపు విధానాన్ని అప్‌డేట్ చేయండి' అన్న మాట తెర మీదికొచ్చి కూర్చుంది. ఏ మీట నొక్కినా కదలదు. ఈ నెలాఖరులోగా చేయకపోతే ఖాతా మూసేసి, ఇంతవరకూ చూసినవాటి గుర్తులన్నీ తుడిచేస్తారట. కింద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదివాను.

ఆ చందా నీ కార్డు మీదే కదా వెళుతుంది. ఉద్యోగం ఖాయమైన రోజున నువ్వు అక్కకి ఇచ్చుకున్న కానుక. అందుకని మీ అక్క ఒకటే అర్థం తీసింది. "కోపం వస్తే నోటితో తిట్టాలి గానీ టీవీ కోసేస్తాడా?" అంది. అని ఊరుకుంటే బాగుండేది. కర్టెన్లు కుట్టే మిషను ఎక్కి కూర్చుని గుర్రుగా తొక్కుతూనే ఉంది. నాకు చప్పుడు వినపడదు గానీ నేల అదురుతోంది.

చూడు, మీ తగువుకి కారణం ఎవరికైనా చెబితే నవ్వుతారని నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంటికొచ్చి, నలుగురి ముందు అన్నం తింటూ, "ఆ దీపస్తంభం సీరియల్లో హంతకుడు మందుల షాపాయనే" అని నోరు జారావు. మీ అక్క అప్పటికింకా మూడు భాగాలు వెనకబడి ఉంది. చేతిలో గరిటె అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నువ్వన్నా క్షమించమనకుండా "అయినా అది తెలియనిది ఎవరికి?" అన్నావు. ఆ రెండో మాటే ఆవిడకి గుచ్చుకుంది.

నిజం చెప్పు. నువ్వే ఆపించావా? జవాబు ప్రెస్సు చిరునామాకే రాయి.

మీ అక్క మొగుడు


లిఫ్టుల వర్క్‌షాపు,
జూన్ 10

బావగారికి నమస్కారాలు.

పెళ్లికూతురు పక్షం వాళ్లకి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. కాగితం నిజంగానే బాగుంది.

నేను ఆపించడమేమిటండీ! నా టీవీ కూడా అదే రోజున ఆగిపోయింది. అక్కే నన్ను ఖాతాలోంచి గెంటేసిందనుకుని వారం రోజులు మొహం వేలాడేసుకు తిరిగాను. మీ ఉత్తరం చదివాక ఖాతా తెరిచి సరిగ్గా చూశాను. తప్పు ఎవరిదీ కాదు, నా పాత బ్యాంకు కార్డుకి కాలం చెల్లింది. కొత్తది ఎప్పుడో వచ్చి సొరుగులో పడుంది. ఆ సంగతి సీరియల్ వాళ్లకి తెలియదు కదా, పాత కార్డునే తడుముతూ ఉన్నారు.

సరే అని కొత్త కార్డు వివరాలు కొట్టాను. అక్కడొచ్చింది తంటా. కార్డు మార్చాలంటే ఆరు అంకెల కోడ్ ఒకటి పంపిస్తారు. ఆ అంకెలు ఇక్కడ కొడితేనే ఒప్పుకుంటుంది. ఆ కోడ్ వచ్చేది ఖాతా ఎవరి ఫోను నంబరు మీద ఉంటే వాళ్లకి. తెరిచిన రోజున అక్క ముచ్చటపడుతోందని ఆవిడ నంబరే ఇచ్చాను. ఇప్పుడు నాకు కావలసిన అంకెలు, నాతో మాట్లాడని మనిషి చేతిలో ఉన్నాయి.

నేనే ఫోన్ చేసి అడగొచ్చు కదా అనకండి. అయిదు నెలల తర్వాత చేసిన మొదటి ఫోను, అదీ అంకెల కోసమా అంటుంది. ఏ మొహం పెట్టుకుని చేయను? ఆదివారం మధ్యాహ్నం ఒకసారి నొక్కాను. కోడ్ వచ్చే ఉంటుంది. అక్క చూడకుండా మీరు ఫోను తీసి, ఆ అంకెలేమిటో నాకు తెలియజేయండి. నా కోసం కాకపోయినా సీరియల్ కోసం. దీపస్తంభం రెండో సీజన్లో నాకింకా నాలుగు భాగాలే ఉన్నాయి.

కొత్త ఖాతా ఇంకోటి తెరుచుకోవడం నాకు చిటికెలో పని. తెరవను. ఎందుకని అడక్కండి.

ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. నిన్న ఒక ఆఫీసు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల దంపతులిద్దరు. తలుపు తెరిచేసరికి గంటన్నర పట్టింది. బయటికొస్తూ ఆవిడ నాకు దండం పెట్టింది. ఆయన మాత్రం "ఇంకాసేపు ఆగాల్సిందయ్యా, పన్నెండేళ్ల తర్వాత ఇవాళే తీరిగ్గా మాట్లాడుకుంటున్నాం" అన్నాడు.

అక్క నడుంనొప్పి ఎలా ఉంది? నేను అడిగానని చెప్పకండి.

మీ బావమరిది


ప్రెస్సు నుంచి,
జూన్ 13
రిజిస్టర్డు పోస్టులో

బావమరిదికి ఆశీస్సులు.

పని జయప్రదం! మీ అక్క తలంటుకోవడానికి వెళ్లినప్పుడు ఫోను ఛార్జింగులో ఉంది. తీసి చూస్తే నీ అంకెలు నిక్షేపంగా ఉన్నాయి. చేతిరాతలో ఒకటి ఏడులా, ఏడు ఒకటిలా కనబడితే కొంప మునుగుతుందని, ప్రెస్సుకొచ్చి పెద్ద సైజు అక్షరాల్లో కంపోజ్ చేసి, ప్రూఫు తీసి, మూడుసార్లు సరిచూసి జతపరుస్తున్నాను. దారిలో పోకూడదని రిజిస్టరు చేయించాను. అందగానే పని కానివ్వు.

4 7 1 1 9 0

నడుంనొప్పి అలాగే ఉంది. నువ్వు అడిగావని చెప్పలేదు. "ఎవరైనా నీ నడుం గురించి అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాను. "ఎవరైనా నోటితో అడిగితే చెబుతాను" అంది. మీ అక్కకి ఎక్కడో అనుమానం ఉన్నట్టుంది.

ఇప్పుడు నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. ఆ టీవీ తెర మీద రెండు గుండ్రాలు ఉంటాయి కదా, ఒకదాని కింద 'అక్క' అని, ఒకదాని కింద 'తోక' అని. చిన్నప్పుడు ఆవిడ కొంగు పట్టుకుని వెంట తిరిగేవాడివని నీకు పెట్టిన పేరు. మాటలు మానేశాక ఆ గుండ్రాన్ని తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు సరికదా, పొద్దున టీ గ్లాసు పట్టుకుని ముందు నీ గుండ్రమే తెరుస్తుంది. నువ్వు ఏ భాగం దగ్గర ఆపావో చూస్తుంది. ఎంతవరకూ చూశావో చూపించే ఆ గీత రెండు రోజులు కదలకపోతే "వీడికి ఒంట్లో బాగాలేనట్టుంది" అంటుంది. ఒక్కరోజులో నాలుగు భాగాలు చూస్తే "వండుకోకుండా కూర్చున్నాడు వెధవ" అంటుంది. నాతో అనదు, టీవీతో అంటుంది. నేను పక్కనుంచి పెదాలు చూస్తాను.

పన్నెండు రోజులుగా ఆవిడకి చూడటానికేమీ లేదు. సీరియల్ గురించి కాదు నేను చెప్పేది. నెలాఖరున వాళ్లు ఆ గుండ్రం తుడిచేస్తే మీ ఇద్దరి మధ్య ఇక ఏమీ మిగలదని నాకు భయంగా ఉంది. తొందరగా కొట్టు ఆ అంకెలు.

మీ అక్క మొగుడు


లిఫ్టుల వర్క్‌షాపు,
జూన్ 17

బావగారికి నమస్కారాలు.

రిజిస్టర్డు కవరు అందింది. సంతకం పెట్టి తీసుకుని, విప్పి, వర్క్‌షాపులో అందరికీ చూపించాను. మా మేస్త్రీ నవ్వలేక గోడకి జారగిలబడ్డాడు. బావగారూ, ఆ అంకెలు పది నిమిషాలే బతుకుతాయి! పది నిమిషాలు దాటితే చచ్చినట్టే. మీరు పంపినవి పోస్టులో కాదు, నేను నొక్కిన ఆ ఆదివారమే పోయాయి. ఆ ముక్క నేను ముందుగా రాయకపోవడం నా బుద్ధితక్కువ. అచ్చు మాత్రం ముత్యాల్లా ఉంది, పనిముట్ల పెట్టె మూతకి అంటించుకున్నాను.

గుండ్రం సంగతి చదివి నాకు అన్నం సహించలేదు. కొత్త ఖాతా ఎందుకు తెరవనన్నానో ఇప్పుడు చెబుతాను. నేనూ అదే పని చేస్తున్నానండీ. డ్యూటీకి వెళ్లేముందు 'అక్క' గుండ్రం తెరిచి చూస్తాను. టీవీ చూస్తూనే కుడుతుంది కదా, గీత ముందుకి జరిగితే మిషను మీద కూర్చోగలుగుతోందన్నమాట, నడుం పరవాలేదన్నమాట. కదలకపోతే ఆ రోజంతా చేతికి స్పానర్ అంటదు. కొత్త ఖాతాలో అక్క ఎక్కడినుంచి వస్తుంది?

కాబట్టి ఈసారి పక్కాగా చేద్దాం. వచ్చే ఆదివారం, ఇరవై రెండున, పదకొండింటికి నేను ఇక్కడ నొక్కుతాను. అక్క ఆదివారాలు తలంటుకునే వేళ అదే కదా. కోడ్ రాగానే ఫోను పట్టుకుని మీ ఎదురుగా రంగుల షాపుకి పరుగెత్తండి. ఆ షాపాయన తన ఫోన్లోంచి నాకు చేసి అంకెలు చదువుతాడు. ఆయనకి ముందే చెప్పి ఉంచండి. నా నంబరు వేరే చీటీ మీద పెద్దగా రాసి జతపరిచాను.

చిన్న మనవి. పరుగెత్తేటప్పుడు చొక్కా వేసుకోండి.

మీ తోక


ప్రెస్సు నుంచి,
జూన్ 23

ఓరి పిరికిపందా,

ఆశీస్సులు తర్వాత.

నువ్వు చెప్పినట్టే చేశాను. పదకొండింటికి కోడ్ వచ్చింది. చొక్కా సంగతి గుర్తుంది గానీ వేసుకునే తీరికేది? బనీనుతో మెట్లు దిగాను. రంగుల షాపాయన ఫోను చెవిన పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరం అంకెలు చదవడానికి కళ్లద్దాలు వెతుక్కుంటున్నాం. ఈలోగా ఇంట్లో నీళ్లు ఆగిపోయాయి.

తల నిండా నురగతో మీ అక్క బాల్కనీలోకొచ్చి ట్యాంకు వంక చూసిందట. ట్యాంకు కనబడలేదు గానీ నేను కనబడ్డాను, తన ఫోను పట్టుకుని రంగుల షాపులో. తలకి తువ్వాలు చుట్టుకుని దిగొచ్చింది. షాపు గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట నేను స్పష్టంగా చూశాను. "ఈ వయసులో ఎవత్తెకి ఫోను?"

షాపాయన మర్యాదస్తుడు, అబద్ధమాడలేకపోయాడు. "లైన్లో ఉన్నది మీ తమ్ముడుగారేనమ్మా" అన్నాడు.

ఇక్కడ విను. మీ అక్క తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఫోను కోసం చాచింది. నా కళ్లతో నేను చూశాను, చెయ్యి చాచింది. అప్పుడు షాపాయన చెవి దగ్గర్నుంచి ఫోను తీసి చూసి "పెట్టేశారండీ" అన్నాడు.

అయిదు నెలల్లో ఆవిడ చాచిన మొదటి చెయ్యి రంగు డబ్బాల మధ్య అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చాక "చూశావా, నా గొంతు వినపడగానే పెట్టేశాడు" అంది. నేను జరిగిందంతా చెప్పేశాను. నీ కార్డు గడువు, నువ్వు కొత్త ఖాతా తెరవననడం, పొద్దున్నే ఆవిడ గుండ్రం చూసుకోవడం, అన్నీ. విన్నది. కళ్లు తుడుచుకుంది, షాంపూ పడిందంది. తర్వాత కూర్చుని ఒక కర్టెను తలకిందులుగా కుట్టింది. కొంగలు కాళ్లు పైకి పెట్టి ఎగురుతున్నాయి. ఆవిడ పనిలో పొరపాటు నేనెప్పుడూ చూడలేదు.

ఆఖరికి ఫోను నా చేతిలోంచి తీసుకుని అందులోని వాక్యం చూపించింది. 'ఈ కోడ్ ఎవరికీ చెప్పవద్దు' అని ఉంది. "నీకు చెప్పను, రంగుల షాపాయనకి చెప్పను. కావలసినవాడు నన్నే అడగాలి. వాడికి నోరు లేదా? హంతకుడెవరో చెప్పడానికి ఉంది కదా!" అంది. రాత్రి పడుకునేటప్పుడు ఫోను తలగడ కింద పెట్టుకుంది.

నేను చేయగలిగిందంతా చేశాను. ఇక ముప్పయ్యో తేదీ, నువ్వు, మీ అక్క.

మీ అక్క మొగుడు


లిఫ్టుల వర్క్‌షాపు,
జూలై 1

బావగారికి నమస్కారాలు.

మీకు జరిగిందంతా తెలిసే ఉంటుంది. కానీ మీరు ఒకవైపు పెదాలే చూసుంటారు. రెండో వైపు నేను రాయాలి కదా.

ఆ ఆదివారం అక్క గొంతు వినగానే నా వేలు దానంతటదే నొక్కేసింది. చెయ్యి చాచిందని మీరు రాసిన వాక్యం చదివాక మాత్రం, ఇంకో రోజు ఆగితే నేను మనిషినే కానని అనిపించింది. ఇరవైతొమ్మిదిన ఒక అపార్ట్‌మెంటు పైన, లిఫ్టు మోటారు గదిలో కూర్చుని ఫోన్ చేశాను.

"ఎవరూ?" అంది. నంబరు కనబడుతూనే ఉంటుంది కదా, అయినా.

"నేనే అక్కా."

"నేనే అంటే?"

"తోకని."

నేను మోటారు కట్టేసి కూర్చున్నాను. తర్వాత, "నొక్కావా?" అంది.

"నొక్కాను."

"వచ్చింది. రాసుకో. మూడు." అని ఆగింది. "మూడు అన్నానని మూడు ముక్కలు మాట్లాడి పెట్టేద్దామనుకోకు. అయిదు నెలలు! ఒక్క ఫోను లేదు. బతికున్నావో లేదో టీవీలో చూసి తెలుసుకోవాలా నేను?"

"తప్పే అక్కా. తర్వాత అంకె?"

"ఎనిమిది. నలుగురి ముందు, అది తెలియనిది ఎవరికి అన్నావు. నాకు తెలియదురా. కర్టెన్లు కుట్టుకునే దానికి రోజుకో భాగం చూడటానికే తీరిక ఉండదు. నేను వెనకబడ్డానని అందరిముందూ నవ్వావు."

అప్పుడు నాకు అర్థమైంది బావగారూ. ఇన్నాళ్లూ హంతకుడి పేరు చెప్పినందుకు కోపమనుకున్నాను. "క్షమించు అక్కా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఇంత చిన్న మాట అయిదు నెలలు నోట్లో ఎందుకు ఉంచుకున్నానో నాకే తెలియదు. అక్క ముక్కు చీదింది. నాకూ మోటారు గదిలో దుమ్ము ఎక్కువైంది.

నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు అయిపోయాయి. కోడ్ చచ్చింది. మళ్లీ నొక్కాను. రెండోసారి మీ నడక, మందుల గురించి, మా వంటింటి గురించి, నా పెళ్లి గురించి మాట్లాడేసరికి అదీ పోయింది. మూడోసారి నొక్కితే అక్క ఊపిరి బిగపట్టి ఆరంకెలూ ఒక్క గుక్కలో చదివేసింది. కార్డు ఒప్పుకుంది. మీ టీవీ వెలిగిందని అక్క కేక వేసింది. మీరు కూడా కుర్చీలోంచి లేచారట.

నేను ఫోన్లోనే ఉన్నాను, అయినా అక్క ముందు నా గుండ్రమే తెరిచింది. "నువ్వింకా రెండో భాగం మధ్యలోనే ఉన్నావే! ఒంట్లో బాగానే ఉందా?" అని నన్ను అడగకుండా టీవీని అడిగింది. "ఇక్కడున్నానే, నన్నడుగు" అన్నాను.

అప్పుడు అంది, తాపీగా. "మొన్న ఒకరింట్లో కర్టెన్లు తగిలిస్తుంటే వాళ్ల టీవీలో చివరి భాగం నడుస్తోందిరా. నిచ్చెన మీదినుంచి మొత్తం చూశాను. ఈసారి హంతకుడు పోస్టుమాన్."

నేను కుయ్యో మొర్రోమన్నా వినలేదు. "అయినా అది తెలియనిది ఎవరికి?" అంది. అయిదు నెలల తర్వాత అక్క నవ్వు విన్నాను. లెక్క సరిపోయింది లెండి. చివరి భాగం ఈ ఆదివారం ఫోను పక్కన పెట్టుకుని ఇద్దరం కలిసే చూస్తాం.

ఇప్పుడు మీ సంగతి. మాటల్లో అక్క ఒక విషయం చెప్పింది. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు మీ బ్యాంకు కార్డు మీదే కడతారట కదా, దానికి ఇంకా మూడేళ్ల గడువుందట. మరి ఆ మొదటి రోజునే మీ కార్డు వివరాలు అక్కడే టీవీలో కొట్టి ఉంటే, కోడ్ మీ ఇంట్లో ఫోనుకే వచ్చేది, అక్క తలంటు పూర్తయ్యేలోగా పని అయిపోయేది. పైగా 'ఈ కోడ్ పది నిమిషాలు మాత్రమే చెల్లుతుంది' అని ఆ మెసేజ్‌లోనే ఉందని అక్క చదివి వినిపించింది. అచ్చుతప్పు ఒకటి దొర్లితే భోజనం మానేసే మనిషి మీరు. టీవీ తెర అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివినవారు, ఆ వాక్యం చదవకుండానే రిజిస్టర్డు పోస్టు చేశారా? నిజం చెప్పండి బావగారూ, మొదటినుంచీ మీ ఎత్తు ఏమిటి?

మీ తోక


ప్రెస్సు నుంచి,
జూలై 7

బావమరిదికి ఆశీస్సులు.

కాగితం వెనకవైపు చూసుకో. ఇది తప్పుపడ్డ కార్డు కాదు, మళ్లీ వేసిన మంచిదాంట్లోంచి ఒకటి అడిగి తీసుకున్నాను. ఈ కబురు ఆ తప్పు కాగితం మీద రాయడానికి మనసొప్పలేదు.

నిన్న సాయంత్రం మీరిద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. మీ అక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తలకిందులు కొంగల కర్టెను విప్పి సరిగ్గా కుడుతోంది. నేల అదరడం లేదు, నెమ్మదిగా ఊగుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ పెదాలు చూస్తూ ఉన్నాను. మధ్యలో మూడుసార్లు నా మీద చాడీలు చెప్పింది. చదివాను. ఒక్కటీ కాదనలేను.

వచ్చే నెల నువ్వు వస్తున్నావట. నీ పరుపు ఎండలో వేయించింది. భోజనాల దగ్గర సీరియళ్ల ప్రస్తావన తేవద్దని నా మనవి.

రంగుల షాపాయన కలిసినప్పుడల్లా నీ క్షేమం అడుగుతున్నాడు. ఆయన దగ్గర నా కళ్లద్దాలు ఉండిపోయాయి, ఆయనవి నా దగ్గరున్నాయి. మార్చుకోవాలి.

నీ ఉత్తరం చివర నన్నేదో అడిగినట్టున్నావు. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా, సరిగ్గా వినపడలేదు.

మీ అక్క మొగుడు